ఈగ వాలని చోటు

మధ్యాహ్నం కాకముందే ఇంట్లో సామాను సగం పెరట్లో పడింది.

రంగు పెచ్చులూడుతున్న బొమ్మలు, పాత పింగాణీ కప్పులు, కారం పసుపు డబ్బాలు, సొట్టలు పడిన గిన్నెలు, ఆఖరికి అత్తగారి తలనూనె సీసా. కోడలు ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుంటుంది, అటూ ఇటూ తిప్పి చూస్తుంది, అనుమానం కలిగితే బయట పడేస్తుంది. కలగకపోతే ఇంకోసారి చూసి అప్పుడు పడేస్తుంది. ఆరో నెల కడుపుతో ఆ వంగడం, లేవడం చూస్తే ఇంకో రోజైతే అత్తగారు ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసేది. ఇవాళ ఆవిడ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, తన నూనె సీసా కళ్లముందే వెళ్లిపోతున్నా నోరు మెదపలేదు.

"సీసం ఆకాశం నుంచి ఊడిపడదమ్మా," అని చెప్పింది డాక్టరమ్మ, పిల్ల రక్తం రిపోర్టు చేతిలో పెట్టుకుని. "మీ ఇంట్లోనే ఎక్కడో ఉంది. రోజూ పాప నోట్లోకి పోతోంది. ముందు అదెక్కడుందో పట్టుకోండి. అది ఆగకపోతే నేనెన్ని మందులిచ్చినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే."

అప్పటినుంచి కోడలికి సొంత ఇల్లే పరాయి ఇల్లయిపోయింది. కుళాయి తిప్పితే భయం, గోడకు ఆనుకుంటే భయం.

గడప మీద కూర్చుని తన బొమ్మల వంక చూస్తోంది పిచ్చుక. తిండి కూడా పిచ్చుక తిన్నట్టే తింటుందని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు అది. బళ్లో ఇప్పుడు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఈ మధ్య ఆ పిల్ల ముఖం పాలిపోయింది. పొద్దున లేస్తే కడుపు నొప్పి, మధ్యాహ్నం చిరాకు, సాయంత్రం ఏడుపు. అన్నిటికంటే కోడలికి అర్థం కానిది ఇంకొకటుంది. పోయిన ఏడాది గడగడా చదివిన అక్షరాల దగ్గర పిల్ల ఇప్పుడు ఆగిపోతోంది.

"పిచ్చుకా, ఆ డబ్బా మీద ఏం రాసుందో చెప్పమ్మా."

పిల్ల డబ్బా వైపు చూసింది. పెదవులు కదిలాయి. చాలాసేపు చూసి, "నాకు తెలుసు. ఇప్పుడు చెప్పను," అంది.

తెలిసి చెప్పకపోవడం వేరు. కోడలు తల తిప్పుకుని, ఎవరికీ కనబడకుండా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బండి చప్పుడయింది. మొగుడు లోపలికి వస్తూనే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, పెళ్లాం ముందు విప్పి పట్టుకున్నాడు.

"చూసుకో. మన పండులో ఏమీ లేదు. పరీక్ష చేసినాయనే చెప్పాడు, కళ్లు మూసుకుని తినొచ్చని."

అంజూర తోట వాళ్లది. ఇంటి వెనక మొదలై పెరటి ఇటుక గోడ వెంబడి పోతుంది. పచ్చి పండు నాలుగు రోజులు నిలవదు కాబట్టి ఎండబెట్టి డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. డబ్బా మీద చీటీ రాసింది కోడలే. 'రక్తం పట్టే పండు. గర్భిణులకు, పిల్లలకు' అని. ఆ మాట పెట్టాక సరుకు రెండింతలు పోయింది. మామూలుగా ఏది చేసినా వంక పెట్టే అత్తగారు కూడా ఆ చీటీ చదివించుకుని తెగ మురిసిపోయింది.

"నే చెప్పలా," అంది అత్తగారు, పొద్దుటినుంచి మొదటిసారి నోరు విప్పి. "పండేం చేస్తుందిరా పిల్లని. రక్తం లేక అలా ఉంది. నాలుగు రోజులనుంచి మీ ఆవిడ పండు ముట్టుకోనివ్వకపోతే ఇంకా వాడిపోయింది."

లేచి లోపలికి వెళ్లి, తన మంచం కింద దాచిన చిన్న డబ్బా పట్టుకొచ్చింది. మెత్తగా, తేనె కారేలా ఉన్న పండ్లు. అమ్మకానికి పోయేవాటిలోంచి ఏరి ఏరి పిల్లకోసం, కోడలికోసం పెట్టుకున్నవి. పిచ్చుక అప్పటికే రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఇప్పుడెందుకమ్మా," అన్నాడు కొడుకు. "అన్నం తిన్నాక పెట్టొచ్చుగా."

"పండుకి వేళేమిట్రా." ఆవిడ పిల్ల గుప్పిట్లో రెండు పెట్టి, కోడలికి రెండు అందించింది. "నువ్వూ తిను. ఒంట్లో నెత్తురుండాలి. మొన్న ఆ నర్సు కూడా నీకు రక్తం తక్కువగా ఉందనే కదా అంది."

కోడలికి ఒక్కసారిగా గుండె తేలికయింది. ఇన్నాళ్లూ నమ్ముకున్న పండు దగా చెయ్యలేదు కదా అనిపించింది. నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

డాక్టరమ్మే. పొడి మాటల మనిషి. మొన్న ఇంటిల్లిపాదికీ రక్తం తీయించిందావిడ.

"పాపకి పోయినసారి కంటే పెరిగిందమ్మా. రేపు పొద్దున్నే తీసుకురండి, చేర్చుకోవాలి. మీకూ ఉంది. మీ ఆయనకి కొంచెం. మీ అత్తగారికి మాత్రం దాదాపు లేనట్టే."

కోడలి నోట్లో పండు అలాగే ఉంది.

"వింటున్నారా? అందరూ ఒకే నీళ్లు తాగుతారు, ఒకే వంట తింటారు. ఆవిడకి లేనిది మీకెలా వచ్చింది? ఆవిడ తిననిది మీరేం తింటున్నారో చూడండి. అదే దొంగ."

"కడుపులో..." అంది కోడలు.

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు ఆగింది. డాక్టర్లు అలా ఆగితే ఎంత భయమో ఆగిన వాళ్లకి తెలియదు.

"మీ రక్తంలో ఉన్నదే బిడ్డకీ వెళ్తుందమ్మా. అందుకే తొందరపెడుతున్నాను. కంగారు పడకండి, వెతకండి."

కంగారు పడకుండా వెతకడం ఎలాగో ఆవిడ చెప్పలేదు. కోడలు ఫోను పెట్టేసి, ఉన్న మాట ఉన్నట్టు ఇద్దరికీ చెప్పింది.

అత్తగారి ముఖం మాడిపోయింది.

"అంటే నా ఒక్కదాని రక్తం బాగుంది కాబట్టి, నేనే మీకేదో పెట్టానంటావా?"

"నేనలా అనలేదు అత్తయ్యా."

"అనక్కర్లేదు. ఆ చూపు చాలు. నా చేత్తో వండి, నా చేత్తో తినిపించి పెంచాను ఆ పిల్లని. నువ్వు డబ్బాలకు చీటీలు అంటించుకుంటుంటే దానికి ఒళ్లు తుడిచిందెవరు?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు కొడుకు.

"ఎందుకు ఊరుకోవాలి? నూనె సీసా కూడా పారేసింది. నోరెత్తానా? ఇప్పుడు నన్నే పారేసేట్టుంది."

ఇంకో రోజైతే ఆ మాటకు కోడలు నవ్వేది. ఇప్పుడు ఆవిడ మాటలు వినపడుతున్నా లోపలికి పోవడం లేదు. ఆవిడ తిననిదేమిటి? పెరుగు తింటుంది. పప్పు తింటుంది. అందరికంటే ఆఖర్న తింటుంది, మిగిలింది తింటుంది, కానీ తినడమైతే అన్నీ తింటుంది. అన్నీనా?

నోట్లో ఉన్న పండు రుచి మారినట్టయింది.

"అత్తయ్యా, మీరు ఎండు అంజూరాలు తినరు కదూ."

"పళ్లలో గింజలు ఇరుక్కుంటాయి," అంది ఆవిడ వెంటనే.

"పచ్చివి తింటారుగా. వాటిలోనూ గింజలుంటాయి."

ఆవిడ ఎందుకు తినదో కోడలికి తెలుసు. మంచివి పిల్లకి, ఆ తరవాతవి కోడలికి, వంకరవి కొడుక్కి. ఆవిడ వాటా అనేది ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు.

కోడలు పెరటి మూలకు పోయి నోట్లోది ఉమ్మేసింది. తిరిగొచ్చి పిచ్చుక నోట్లో వేలు పెట్టి మిగిలింది తీసేసింది. పిల్ల లబోదిబోమని ఏడ్చింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" మొగుడు గొంతు పెంచాడు. "ఇప్పుడే కదా రిపోర్టు చూపించాను."

"మీరు పరీక్షకిచ్చింది చెట్టు మీది పండు. ఎండింది కాదు. ఆ కాగితం మీదే పచ్చి పండని రాసుంది."

"చెట్టు మీద లేనిది డబ్బాలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనమేమన్నా ఉప్పు వేస్తామా, కారం వేస్తామా? ఎండే కదా పెట్టేది."

నిజమే. పండు, ఎండ, గాలి. ఇంకేముంది అందులో.

పెరట్లో రెండు చట్రాల నిండా పండ్లు పరిచి ఉన్నాయి, ఎండబెట్టే షెడ్డు మీద చోటు చాలక కిందే పెట్టినవి. బొమ్మలు పడేసేటప్పుడు ఎవరిదో కాలు తగిలి ఒకదాని వల తొలగింది. క్షణంలో ఈగలు మూగాయి. అత్తగారు అలవాటు కొద్దీ లేచి వెళ్లి, కొంగుతో ఈగల్ని తోలి, వల సర్దింది. అంత కోపంలో కూడా సరుకు పాడవుతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు.

కోడలు ఆ వలని చూసింది. తలెత్తి, గోడ పక్క రేకుల షెడ్డును చూసింది. దాని మీద వరసగా చట్రాలు. ఎండలో పండ్లు మెరుస్తున్నాయి.

"షెడ్డు మీద వల ఎందుకు వెయ్యం అత్తయ్యా?"

"దాని మీద వలెందుకు," అంది అత్తగారు, వల అంచు రాయి కింద నొక్కుతూ. "అక్కడ ఈగ వాలదుగా."

ఎన్నోసార్లు అన్న మాటే. చుట్టాలకు, కొట్టువాళ్లకు, బేరానికొచ్చిన వాళ్లకు గొప్పగా చెప్పిన మాటే. మా సరుకు మీద ఈగ కూడా వాలదు అని. ఈసారి ఆ మాట బయటికొచ్చాక ఆవిడ చెయ్యి రాయి మీదే ఆగిపోయింది.

పిల్ల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. గోడ అవతల కొలిమి హోరు వినపడుతోంది. రోజంతా వినపడేదే కాబట్టి చెవులు దాన్ని ఎప్పుడో మరిచిపోయాయి.

గోడ అవతలది పాత బ్యాటరీల కార్ఖానా. బండ్లలో పనికిరాకుండా పోయిన బ్యాటరీలు లారీల్లో వస్తాయి, పగలగొడతారు, లోపలిదేదో కరిగించి దిమ్మలు పోస్తారు. లోపలిదేమిటో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. మూడేళ్ల కిందట వేళ కాని వేళ వానలు పట్టి పండంతా బూజు పట్టిపోతుంటే, కొలిమి వేడి గాలి గోడ దాటి ఇటు కొడుతుందని కనిపెట్టింది మొగుడే. గోడకు ఆనించి ఏటవాలుగా రేకులు వేశాడు. నాలుగు రోజులు పట్టేది రెండు రోజుల్లో ఎండింది. కడిగితే మళ్లీ బూజు వస్తుందని, ఎండినవి ఎండినట్టే డబ్బాలకెత్తారు. గోడ మూలన అయితే ఇంకా తొందరగా, ఇంకా మెత్తగా. అత్తగారు పిల్లకోసం ఏరించేది ఆ మూలవే.

ఆ రోజుల్లో కోడలు తనూ చట్రాలు మోసింది. మీ బుర్రే బుర్రండీ అని మొగుణ్ణి మెచ్చుకుంది.

"బ్యాటరీలో ఏముంటుందండీ?" అని అడిగింది ఇప్పుడు.

అతను చెప్పులు చూసుకుంటున్నాడు.

"మిమ్మల్నే."

"యాసిడ్ ఉంటుంది."

"ఇంకా?"

పక్కింటి పిల్లాడు బంతి పోగొట్టుకుని బిక్కమొహం వేసినట్టు ఉంది అతని మొహం. దానికి ఆమెకు జాలి కలగలేదు. లోపలికి వెళ్లి, పిచ్చుక పురిట్లో వాడిన పొత్తిగుడ్డల మూటలోంచి తెల్లటిది ఒకటి తీసింది. పుట్టబోయే వాడికోసమో దానికోసమో ఉతికి, మడిచి పెట్టుకున్నవి. నీళ్లలో ముంచి పిండి, మొగుడి చేతిలో పెట్టింది.

"ఎక్కండి. ఆ రేకు ఒక్కసారి తుడిచి తీసుకురండి."

"దుమ్ముంటుంది. పొద్దస్తమానం బయట పడుండే రేకు."

"ఎంత దుమ్ముందో చూద్దాం."

నిచ్చెన ఎక్కాడు. పైన చాలాసేపు ఉన్నాడు. రేకు తుడవడానికి అంతసేపు పట్టదు. దిగి వచ్చినప్పుడు గుడ్డ అతని గుప్పిట్లో ఉండలా చుట్టి ఉంది. ఇవ్వలేదు. ఆమే వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తీసుకుని విప్పింది.

మట్టి ఎర్రగా ఉంటుంది ఆ తోటలో. గుడ్డకు అంటింది ఎరుపు కాదు. బూడిద రంగు. పెన్సిలు పొడిలా నున్నగా, ఎండలో సన్నగా మెరుస్తోంది. బిడ్డ ఒంటికి చుట్టిన గుడ్డ మీద అది చూడగానే కోడలు దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది. కడుపులో బిడ్డ ఒకసారి కదిలింది. కదిలిందని సంతోషించాలో భయపడాలో ఆమెకు తెలియలేదు.

డాక్టరమ్మ పొరపడింది. అది ఆకాశం నుంచే ఊడిపడుతోంది.

"మీకు ముందే తెలుసు," అంది మొగుడితో. గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"తెలీదు."

"పరీక్షకి ఎండు పండు ఇవ్వమని నేను చెప్పాను. పచ్చిది కోసుకెళ్లారు. ఇందాక అత్తయ్య డబ్బా తెస్తే ఇప్పుడొద్దన్నారు."

"అనుమానం వచ్చింది." అతను వసారా మెట్టు మీద కూలబడ్డాడు. "డాక్టరమ్మ సీసం అన్న రోజునే వచ్చింది. అనుమానమే. కాదేమో అనుకున్నాను. కాకూడదనుకున్నాను. ఎండు పండు ఇచ్చి, అదేనని తేలితే... నేనేం చెయ్యాలో నాకు పాలుపోలేదు."

"పిల్ల అక్షరాలు మరిచిపోతోందండీ."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో లేదో ఆమె చూడలేదు. చూస్తే తను ఆగిపోతుందని తెలుసు.

"పొద్దున వ్యాను ఎక్కించిన సరుకు ఎక్కడికి పోయింది?"

అతను చేతుల్లోంచి ముఖం తియ్యలేదు.

"ఎక్కడికండీ?"

"ఎప్పుడూ పోయే చోటికే. ఆసుపత్రి గేటు ముందు కొట్టుకి."

ప్రసూతి ఆసుపత్రి అది. పిచ్చుక పుట్టింది అక్కడే. నెల నెలా ఆమె చూపించుకునేదీ అక్కడే. గేటు దాటి బయటికొచ్చిన ఆడవాళ్లు, రక్తం తక్కువుందని డాక్టరు చేత చివాట్లు తిని వచ్చిన వాళ్లు, ఎదురుగా కొట్టులో ఆ డబ్బా చూస్తారు. చీటీ చదువుతారు. కొంటారు. పోయిన నెల వరసలో తన పక్కన కూర్చున్న సన్నపాటి అమ్మాయి ఒడిలో ఆ డబ్బా చూసి, అది మా ఇంటిదే అని కోడలు ఎంత గర్వంగా చెప్పుకుందో. ఆ అమ్మాయి మూత తీసి అక్కడికక్కడే ఒకటి తింది.

"కొట్టాయనకి ఫోన్ చెయ్యండి. ఒక్క డబ్బా కూడా అమ్మొద్దని చెప్పండి."

"ఒక్క రోజు ఆగు. ముందు పిల్లని ఆసుపత్రిలో చేర్పిద్దాం. ఎండు పండు కూడా పరీక్షకి ఇద్దాం. రూఢి అయ్యాక చెబుదాం. ఊరికే నోరు జారితే మళ్లీ మన పండు ఎవడు ముట్టుకుంటాడు?"

"ఆ ఒక్క రోజులో ఎంతమంది తింటారు?"

"నాకు మాత్రం తెలీదా?" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించాడు. ఫోను తీసి, చేతిలో ఒకసారి తిప్పి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆమె చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. మొగుడూ పెళ్లాలు అలా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్ని పోట్లాటలయినా ఆమెకు ఎప్పుడూ అతనంటే భయం వెయ్యలేదు. ఇప్పుడు కొంచెం వేసింది.

"నాయనమ్మ పైకెక్కింది," అంది పిచ్చుక.

ఇద్దరూ తిరిగి చూశారు. రాయి దగ్గర అత్తగారు లేదు. మోకాళ్ల నొప్పులతో వసారా మెట్టు దిగడానికే గోడ పట్టుకునే మనిషి, షెడ్డు మీద, గోడ మూల చట్రం పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఎప్పుడు ఎక్కిందో, ఎలా ఎక్కిందో. ఒళ్లో గుప్పెడు పండ్లు పోసుకుని, ఒకటి తరవాత ఒకటి నోట్లో వేసుకుంటోంది. నమలడం కూడా సరిగా లేదు. మింగుతోంది.

"అమ్మా," అన్నాడు కొడుకు లేచి. "ఏం చేస్తున్నావు, దిగు."

ఆవిడ వినిపించుకోలేదు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వస్తున్నాయి, తుడుచుకోవడం లేదు.

"అత్తయ్యా, వద్దు. ఉమ్మెయ్యండి."

"ఇన్నాళ్లూ నా వాటా కూడా మీరే తిన్నారు," అంది ఆవిడ నిండు నోటితో. "నా వాటా నన్ను తిననీ."

పిచ్చుక అప్పటికే నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది. నాయనమ్మ ఎండు పండు తింటుండగా ఎప్పుడూ చూడని పిల్ల. ముఖం వెలిగిపోయింది. అలవాటైన చెయ్యి చాపింది.

"నాయనమ్మా, నాకూ."

ఆవిడ నమలడం ఆపింది. ఒళ్లోని పండ్ల మీద రెండు చేతులూ కప్పింది.

"ఇవి నావి. నీకు ఒక్కటీ ఇవ్వను."

పిల్లకి ముందు అర్థం కాలేదు. నాయనమ్మ నోటివెంట 'లేదు' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదది. కింది పెదవి వణికింది. చాపిన చెయ్యి అలాగే ఉంచి, గుండె పగిలేలా ఏడవడం మొదలుపెట్టింది. కోడలు పరుగున వెళ్లి ఎత్తుకుంది. పైన ముసలావిడ మనవరాలి ఏడుపు వింటూ, చేతులు మాత్రం తియ్యలేదు.

అప్పుడు మొగుడి జేబులో ఫోను మోగింది.

అతను తీసి చూశాడు. కొట్టాయన. సరుకు అందిందని చెప్పడానికో, అయిపోయింది ఇంకో వ్యాను పంపమనడానికో. అతని వేలు ఫోను మీద ఆగింది. కోడలు పిల్లని భుజాన వేసుకుని అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ఇక అడగలేదు.

ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తరా," అంది తల్లి, షెడ్డు మీంచి. "ఎత్తి, ఏం చెబుతావో మేము వినేలా చెప్పు."